ఇల్లు వాడికి, వేలు నీకు

మొన్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని ఎల్బీనగర్‌లో ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి వెళ్ళాను. నాకు మోకాలి ఆపరేషన్ ఉంది. మంచం దిగి నా పనులు నేను చూసుకునేదాకా నా బదులు బ్యాంకుకూ, ఇంకా అవసరమైన చోట్లకూ వెళ్ళడానికి అమ్మాయి పేరిట పవర్ ఆఫ్ అటార్నీ కాగితం రాయిద్దామని. టైపు చేసినాయన నా చీర చూశాడు, నా చేతులు చూశాడు, ఒక్క మాట అడగకుండా ఇంకు డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు.

నేను మూత పెట్టి డబ్బాను వెనక్కి జరిపాను. కళ్ళద్దాలు తీసుకొని మొదటి పేజీ మొదలుపెట్టాను. నేను గీత కింద వేలు పెట్టుకొని చదువుతాను. రెండో పేజీకి వచ్చేసరికి ఆయన మూడు ఫోన్లు మాట్లాడేశాడు. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, సంతకం పెట్టరాదే. నేనేమన్న పరాయిదాన్నా?" అంది.

అప్పుడు నేను ఒకప్పుడు వంట చేసిపెట్టిన పెద్దావిడ గుర్తుకొచ్చింది. ఆమె నా పక్కన ఉండి ఉంటే మా అమ్మాయి మొహం వైపు చూసేది కాదు. బొటనవేలి వైపు చూసేది.

ఆమె గుంటూరు వైపు మనిషి. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు వేలిముద్రల రిజిస్టరు ముందు కూర్చుంది. ఇల్లు అమ్మేవాళ్ళూ, కొనేవాళ్ళూ, పంచుకునేవాళ్ళూ వరసగా వస్తే వాళ్ళ బొటనవేలు పట్టుకొని, ఇంకులో అద్ది, కాగితం మీద ఈ పక్క నుంచి ఆ పక్కకు దొర్లించడం ఆమె పని. దాంతో ఆమెకు మొహాలు గుర్తుండేవి కావు, వేళ్ళే గుర్తుండేవి. "ఆ గోరు చీలినబ్బాయి ఇవాళ పాలు వెయ్యలేదేమే?" అనేది. వీధిలో ఎవరైనా నమస్కారం పెడితే నమస్కారం అందుకోకముందే వాళ్ళ రెండు బొటనవేళ్ళనూ ఓసారి చూసేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను.

"చూడ్డానికి వచ్చినవాళ్ళందరి వేళ్ళూ చూశానే. ఒక్కటీ నచ్చలేదు" అంది.

నేను ఆమె ఇంట్లో వంటకు కుదిరిన రోజు కూడా పప్పు వండడం వచ్చా, చారు పెట్టడం వచ్చా అని అడగలేదు. "చెయ్యి చూపించు" అంది. అంతకు ముందు ఇరవై ఏళ్ళు నేను కొత్తపేట పండ్ల మార్కెట్‌లో బత్తాయిలు ఏరేదాన్ని. మార్కెట్ ఊరి బయట బాటసింగారానికి పోయింది. అంత దూరం రోజూ పోయిరావడం నా వల్ల కాలేదు. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో ఒంటరి పెద్దావిడకు వంటమనిషి కావాలంటే వచ్చాను. ఆమె నా బొటనవేలిని వెలుతురులోకి తిప్పి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకొని చూసింది.

"గీతలేవే?"

"అరిగిపోయినయమ్మా. రేషన్ షాపుల మిషన్ల గూడ పడది నా వేలు. పది సార్లు తుడిపిస్తరు."

ఆమెకు ఎంత సంతోషమేసిందో. "దేవుడిచ్చిన వేలే ఇది. నీ వేలు పట్టుకొని నిన్ను ఎవడూ ముంచలేడు. పడితేగా?" అంది. ఆ రోజు నుంచే పని.

మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆమె ఒక కునుకు తీసేది. నిద్రపోయేటప్పుడు రెండు చేతుల బొటనవేళ్ళనూ గుప్పిట్లో దాచుకొని పడుకునేది, చంటిపిల్లల్లాగా. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒక రోజు ఎందుకని అడిగితే, నవ్వకుండా చెప్పింది.

"ఆసుపత్రి మంచాల దగ్గరికి కూడా వెళ్ళేవాళ్ళమే, కదల్లేనివాళ్ళు ఉంటే. వాళ్ళకు తెలివి ఉందా లేదా అని మా ఆఫీసరు అడిగి తెలుసుకొనేవాడు. అది మా వరకు. మేం వెళ్ళకముందు, వెళ్ళిపోయాక, ఏ కాగితం మీద ఎవడు ఆ వేలు అద్దించుకున్నాడో ఎవరికి తెలుసు? వేలికి నోరుందా?"

ఇంత భయం పెట్టుకున్న మనిషికి తుంటి కీలు అరిగింది. గోడ పట్టుకొని నడవడం మొదలైంది. డాక్టరు కీలు మార్చాలన్నాడు, ఎంత త్వరగా అయితే అంత మంచిదన్నాడు. ఆమెకు కత్తి అంటే భయం లేదు. మత్తు అంటే భయం. మత్తులో గుప్పిళ్ళు తెరుచుకుంటాయి. మెలకువ వచ్చేదాకా తన బదులు మాట్లాడే మనిషి ఒకరు కావాలి, ఆ మనిషికి కాగితం మీద అధికారం ఉండాలి. ఎవరికివ్వాలి అన్నదే ఆమె పరేషాన్.

అందరూ తమ్ముడి కొడుకుకే ఇస్తుందనుకున్నారు. ఆయన నాగోల్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు. కంపెనీలో అగ్రిమెంట్లు చూసే ఉద్యోగం. మంచివాడే. వచ్చినప్పుడల్లా పండ్లు తెచ్చేవాడు. ఎప్పుడూ బత్తాయిలే తెచ్చేవాడు, అది నా కర్మ.

ఒక ఆదివారం ఆయన వస్తే ఆమె ఒక కాగితం చేతికిచ్చింది. నిండుగా టైపు చేసిన కాగితం. "చిన్న పని నాయనా, కింద ఒక సంతకం పెట్టు" అంది. ఆయన ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, సంతకం పెట్టి, "ఇంకేమైనా ఉన్నాయా అత్తయ్యా?" అన్నాడు. "ఇంకేం లేదు. అయిపోయింది" అంది ఆమె. ఏం అయిపోయిందో ఆయనకు తెలియదు. ఇంకో ఇద్దరు చుట్టాలు కూడా వేరువేరు రోజుల్లో వచ్చి అలాంటి కాగితం మీదే సంతకం పెట్టి, కాఫీ తాగి పోయారు.

తర్వాత నా వంతు. నేను వంకాయలు తరుగుతుంటే అదే రకం కాగితం తెచ్చి పీట మీద పెట్టి, పక్కన ఇంకు డబ్బా పెట్టింది.

"వేలు వెయ్యి."

"ఏందమ్మా ఇది?"

"ఏదో ఒకటిలే. వెయ్యి."

"ఏదో ఒకటి అయితే ఎట్ల? జర చదివి చెప్పుండ్రి. అప్పుడు ఏస్త."

"నా మీద నమ్మకం లేదూ?"

"మీ మీద ఉన్నది. కాగితం మీద లేదు."

ఆమె గోడకు ఆనుకొని చాలాసేపు నవ్వింది. తుంటి నొప్పికి అబ్బా అంటూ నవ్వింది. తర్వాత మేనల్లుడు గారు సంతకం పెట్టిన కాగితం బయటికి తీసి చదివి వినిపించింది. పైన ఇంటి నంబరూ, హద్దులూ మర్యాదగా ఉన్నాయి. మధ్యలో ఇలా ఉంది: దిగువ సంతకం చేసిన నేను గుండు చేయించుకొని, గుండుకు గంధం పూసుకొని, దిల్‌సుఖ్‌నగర్ డిపో మొదలుకొని ఎల్బీనగర్ చౌరస్తా వరకు కాలినడకన నడిచెదననియు, దారిలో ఎవరు అడిగినను మా మేనత్తకు కోపం తెప్పించినందుకు అని బదులు చెప్పెదననియు మనఃపూర్వకముగా అంగీకరించి రాసి ఇచ్చితిని.

"చదువొచ్చినవాళ్ళు ముగ్గురూ చదవలేదే. రానిదానివి నువ్వొక్కదానివే చదివించుకున్నావు. నా పవరు నీకు" అంది.

"నాకు అక్షరం రాదమ్మా" అన్నాను. అది ఆమె ముందే ఆలోచించి పెట్టింది. పవర్ కాగితం మొత్తం నేనే చదవాలి. చదివి సంతకం పెట్టాలి. వేలు ఎట్లాగూ అందరూ వెయ్యాల్సిందే, ఆఫీసరు కూడా తన ఇల్లు అమ్ముకుంటే వెయ్యాల్సిందే. కానీ చదివి వేసిన వేలు వేరు, చదవక వేసిన వేలు వేరు. నేను చదివిన రోజే రిజిస్ట్రేషన్. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఆపరేషన్.

అంటే నాకు ఒక్కో అక్షరం ఆలస్యమైన కొద్దీ ఆమెకు ఒక్కో రోజు నొప్పి పెరుగుతుంది. అట్లాంటి బడి ఎవరికీ వద్దు. ఒత్తుల దగ్గర నేను ఆగిపోతే పలక ఎత్తి కొట్టేది కాదు. తుంటి మీద చెయ్యి వేసుకొని, "కానీ, కానీ. నీ ఒత్తులు వచ్చేలోపు నా రెండో తుంటి కూడా అరుగుతుంది" అనేది. నేను ఏడుస్తూ ఒత్తులు దిద్దేదాన్ని. ఆమె ఏడిపిస్తూ దిద్దించేది.

పిల్లల వాచకాలు కొననివ్వలేదు. "నీకు ఉడుత కథ ఎందుకే, ఈ వయసులో?" అని, పవర్ కాగితం చిత్తుప్రతినే నా ముందు పెట్టింది. అందుకని నేను జీవితంలో మొదట చదివిన మాట అమ్మ కాదు, ఆవు కాదు. "సదరు." రెండోది "యావత్తు." సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకొని ఎదురుగా కనపడే బోర్డులు చదివించేది. మా గల్లీ నిండా హాస్టళ్ళూ కోచింగ్ సెంటర్లే కాబట్టి బోర్డులకు కొదవ లేదు. ఉద్యోగం గ్యారంటీ అని ఒక బోర్డు చదివితే, "అది చదివావు సరే, నమ్మకు" అనేది. నా పేరు నేను మొదటిసారి తప్పు లేకుండా రాసిన రోజు ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కు అంటించి, వచ్చినవాళ్ళందరికీ చూపించి, "అక్షరాలు తాగినట్టు ఎలా తూలుతున్నాయో చూడండి" అంది. నాకు సిగ్గేసింది. తీయనివ్వలేదు.

నాలుగు నెలలకు, "ఇక పద" అంది.

ఎల్బీనగర్‌లో ఆమెకు తెలిసిన రైటర్ ఉండేవాడు. ఆమె ఆఫీసులో ఉన్నప్పటి నుంచీ ఆమె అంటే భయం ఉన్నవాడు. ఆటో దిగి, నా భుజం పట్టుకొని, ఆ నాలుగు మెట్లు ఎక్కడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. రైటర్ కాగితాలు మా ముందు పెట్టి ఒక మాట చెప్పాడు.

"మేడం, మీకు తెల్వనిది కాదు. మీకు తెలివి ఉన్నన్ని దినాలే గీ పవర్ నడుస్తది. రేపు మతి తప్పినా, మనిషి పోయినా, గీ కాగితం ఖతం. ముందే చెప్తున్న."

"నువ్వు నాకు చెప్తున్నావురా?" అంది ఆమె. నా వైపు తిరిగి, "విన్నావా? నాకు మతి ఉందో లేదో రోజూ చూసుకోవడం కూడా ఇక నీ పనే" అంది.

నేను చదవడం మొదలుపెట్టాను. గట్టిగా చదవమంది. కిరాయిలు వసూలు చేయుటకు, పెన్షన్ ఆఫీసులో కాగితాలు దాఖలు చేయుటకు, దవాఖానలో నా తరఫున మాట్లాడుటకు. మూడో పేజీలో నా వేలు ఆగింది. ఇంటికి వెళ్ళి మళ్ళీ వచ్చినట్టు, ఆ గీతను మొదటి నుంచి ఇంకోసారి చదివాను.

"అమ్మా, గీడ విక్రయించుటకు అని ఉన్నది. అమ్మెటందుకు నాకెందుకు పవరు? మనం అనుకున్నదాంట్ల గిది లేదు."

రైటర్ ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

"పాత ఫారం లోంచి దిగిందేమో" అంది.

"ఎట్ల దిగినా సరే. కొట్టెయ్యమనుండ్రి. లేకుంటె నేను సంతకం పెట్ట."

రైటర్ నవ్వు ఆపుకోలేక, "మేడమే పెట్టమన్నది అక్కా. నువ్వు పట్టుకుంటవా, ఊకుంటవా చూద్దమని" అన్నాడు. ఆమె అతణ్ణి కోపంగా చూసి, నాతో, "నీకు కొనిపెట్టిన కళ్ళద్దాల డబ్బులు దండగ కాలేదు" అంది. మెచ్చుకోవడం ఆమెకు అంతకు మించి చేతకాదు. కొత్త పేజీ కొట్టించి, ఆఫీసులో ఇద్దరం సంతకాలు పెట్టాం. నా వేలు ఎప్పటిలాగే మిషన్‌లో పడలేదు. ఆరోసారికి పడింది. అక్కడున్న అమ్మాయి విసుక్కుంటుంటే, "మెల్లగా తల్లీ, ఆ వేలు చదువుకున్న వేలు" అంది ఆమె.

తర్వాతి వారంలోనే ఆపరేషన్. థియేటర్‌లోకి తీసుకెళ్ళేముందు ఆమె నన్ను పిలిచి రెండు చేతులూ చూపించింది. నాకు అర్థమైంది. ఆపరేషన్ అయ్యి, మత్తులో ఉండగానే వార్డుకు తెచ్చాక, నర్సమ్మను అడిగి ఆమె రెండు బొటనవేళ్ళకూ లావుగా బ్యాండేజీ కట్టించాను.

"ఏం దెబ్బ తగిలిందమ్మా?" అంది నర్సు.

"ఏం తగల్లేదు బిడ్డా. తగలకుండ."

సాయంత్రం మేనల్లుడు వచ్చాడు. బత్తాయిలతో పాటు ఒక ఫైలు కూడా ఉంది. ఇంటిని కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి ఒక బిల్డరు ముందుకొచ్చాడట. "ఒట్టి అంగీకార పత్రమేనమ్మా. అత్తయ్య లేచాక నేనే చెప్తాను. మళ్ళీ ఆయన వేరే స్థలం చూసుకుంటే కష్టం. ఒక్క వేలిముద్ర చాలు" అన్నాడు.

నేను పవర్ కాగితం చూపించాను. ఆయన చదవలేదు, పైనున్న ఫొటోలు చూశాడు. ఒకటి ఆమెది, ఒకటి నాది. మొహం మాడిపోయింది.

"సారు, మీ కాగితం మీరు చదివిన్రా?" అని అడిగాను.

"ఆ... బిల్డరు చదివాడు."

"అమ్మ లేచినంక మీరే చదివి వినిపించుండ్రి. అమ్మ ఊఁ అంటె నేనే కట్టు విప్పుత."

ఆయన మంచం దగ్గరికి వెళ్ళి దుప్పటి కాస్త తొలగించి చూశాడు. రెండు తెల్లటి బ్యాండేజీలు, బొమ్మ తలకాయల్లా. ఫైలు మూసేసి కూర్చున్నాడు.

రెండో రోజు ఆమెకు పూర్తిగా మెలకువ వచ్చాక సంగతంతా చెప్పాడు, దాచలేదు. ఆయన గొంతులో కోపం కంటే చిన్నబోవడమే ఎక్కువుంది. "వంటమనిషికి ఇచ్చావు, నాకివ్వలేదు. నేనేం చేశానత్తయ్యా?"

"వీలునామా రాశాను రా. ఇల్లు నీకే రాశాను" అంది ఆమె, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇల్లు నీకు. వేలు మాత్రం దీనికి. ఇల్లు తీసుకోవడానికి చదువు అక్కర్లేదు."

బిల్డరు కాగితం చదివించుకొని, నాలుగో గీతకే వద్దంది.

ఆ తర్వాత ఆమె మూడేళ్ళు బాగా నడిచింది. రోజూ పొద్దున్నే కాఫీ ఇస్తూ నేను, "ఇయ్యాల ఏం వారమమ్మా?" అని అడగాలి. మతి పరీక్ష. సరిగ్గా చెప్తే పవర్ ఇంకో రోజు నడుస్తుంది. కొన్ని రోజులు కావాలనే బుధవారం నాడు శుక్రవారం అని చెప్పి, మొహం అమాయకంగా పెట్టి నన్ను చూసేది. నేను క్యాలెండరు దగ్గరికి పరుగెత్తేదాన్ని. అప్పుడు, "బుధవారమే. కాఫీలో చక్కెర మర్చిపోయిన దానివి, నువ్వు నా మతి చూస్తున్నావా?" అనేది.

పోవడం కూడా మధ్యాహ్నం కునుకులోనే పోయింది. టీ పెట్టుకొని వెళ్ళి పిలిచాను, పలకలేదు. రెండు బొటనవేళ్ళూ గుప్పిట్లోనే ఉన్నాయి. నేను విప్పలేదు. రైటర్ చెప్పిన మాట గుర్తుంది. ఆ నిమిషంతో నా పవర్ వట్టి కాగితం. దాన్ని బీరువాలో పెట్టి, మేనల్లుడికి ఫోన్ చేశాను. ఇక ఆయనదే అధికారం.

కర్మ ఆయనే చేశాడు. పదో రోజు పొద్దున్న గుండు చేయించుకొని, చల్లగా ఉంటుందని గంధం పూసుకొని వచ్చి వరండాలో కూర్చున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, ఆమె దాచిన కాగితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"సంతకం పెట్టాలా?" అన్నాడు, జేబులో పెన్ను వెతుక్కుంటూ.

"పెట్టినదే సారు. చదువుండ్రి."

ఆయన మొదటిసారి దాన్ని చదివాడు. మొత్తం చదివాడు, హద్దులు కూడా. చివర తన సంతకం చూసుకున్నాడు. తల తడుముకున్నాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"డిపో దగ్గర్నుంచే కదా?" అన్నాడు.

ఆయన నడిచాడు, నేనూ వెంట నడిచాను. మెట్రో స్తంభాల కింద నీడ పట్టుకొని చైతన్యపురి దాటి, కొత్తపేట దాకా ఎవరూ పట్టించుకోలేదు. పాత మార్కెట్ దగ్గర కొబ్బరిబోండాల ఆమె ఆయన గుండు చూసి, "అయ్యో, ఏమైంది బిడ్డా?" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

"మా మేనత్తకు కోపం తెప్పించాను" అన్నాడు.

ఆమె ఒక బోండాం కొట్టి ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకొని, తాగకుండా, రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చాడు. కళ్ళు తుడుచుకున్నాక ఎల్బీనగర్ చౌరస్తా దాకా మిగిలింది కూడా నడిచాడు.

మొన్న నేను నాలుగో పేజీ దాకా చదివి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని, "రేపొస్త" అని చెప్పి వచ్చేశాను. మా అమ్మాయి దారంతా అలిగింది. ఇంటికొచ్చి రాత్రి అన్నాల ముందు నా అక్షరాలతో ఒక కాగితం నిండా రాసి, దాని ముందు పెట్టి, "జర సంతకం పెట్టు బిడ్డా" అన్నాను. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ ఇంకో చేత్తో పెట్టేసింది.

అమ్మాయికి చదివి సంతకం పెట్టడం వచ్చేదాకా ఆపరేషన్ కొన్నాళ్ళు వాయిదా వేయమని డాక్టరుకు చెప్పాను. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. గుండు అని రాయడానికి మనసు రాలేదు, ఆడపిల్ల. వేరే రాశాను.